మదనపల్లె మీది ఆకాశంలో చిన్న విమానానికి కావలసిన చూపు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లు. ఆల్టిమీటర్ 3,000 అడుగులు చూపిస్తోందంటే ఇక్కడ విమానం నేలకు 700 అడుగుల పైన మాత్రమే ఉన్నట్టు. పక్కనే హార్స్‌లీ కొండలు 4,000 అడుగులు దాటి నిలబడి ఉంటాయి. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఈ కొండల మీద ఉరుముల మబ్బులు చూస్తుండగానే కమ్ముకొస్తాయి. పైన బెంగళూరు, చెన్నైల మధ్య జెట్ల రాకపోకలు. పడమటి దిక్కున బెంగళూరు జక్కూరు మైదానంలో 1940ల చివరి నుంచే శిక్షణ విమానాలు ఎగురుతున్నాయి. ఇలాంటి చోట ఎగిరే నాలుగు సీట్ల విమానానికి వానను, తోటి విమానాలను చూపే పరికరం ఏది కొనాలి? కంపెనీల కేటలాగులు తిరగేసే ముందు ఆ పరికరాలు ఏ అవసరంలోంచి పుట్టాయో, నేల మీది ఏ ఏర్పాట్లను నమ్ముకుని పనిచేస్తాయో చూడడం మంచిది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఎదిగిన రాడార్ 1950లలో ప్రయాణికుల విమానాల ముక్కులోకి చేరింది. చిన్న విమానాలకు ఆ భాగ్యం దక్కలేదు. ఒంటి ఇంజను విమానానికి ముక్కున ప్రొపెల్లర్ తిరుగుతుంటుంది, డిష్ పెట్టడానికి చోటే ఉండదు. అయితే ఆ పైలట్లకు అనుభవం మీద ఒక సంగతి తెలుసు. రేడియో స్టేషన్ దిక్కు చూపాల్సిన ఏడీఎఫ్ సూది, దగ్గర్లో ఉరుములుంటే స్టేషన్‌ను వదిలి అటు తిరిగేది. మెరుపు కూడా ఒక రేడియో ప్రసారమే కదా! 1970ల మధ్యలో అమెరికాలో పాల్ రయన్ తెచ్చిన స్టార్మ్‌స్కోప్ ఈ సూత్రం మీదే నిలిచింది. మెరుపు వెదజల్లే రేడియో తరంగాలను చిన్న యాంటెన్నాతో పట్టి, గుండ్రటి తెర మీద చుక్కలుగా చూపుతుంది. దిక్కు బాగానే చెబుతుంది. దూరాన్ని మాత్రం మెరుపు బలాన్నిబట్టి అంచనా కడుతుంది కాబట్టి, దూరాన పడిన పెద్ద పిడుగు దగ్గర్లోనే పడినట్టు కనిపించవచ్చు. మెరుపు లేని వాన దానికి అసలే కనపడదు. ఇన్ని లోపాలున్నా దానికి ఒక గొప్ప గుణముంది. అది నేల మీది ఏ స్టేషన్ మీదా ఆధారపడదు.

మెరుపుల్ని కనిపెట్టడం మన దగ్గర ఎంత ముఖ్యమో 2018లో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. లెక్క ఇంత కచ్చితంగా తేలడానికి కారణం రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ వాడుకలోకి తెచ్చిన మెరుపు సెన్సర్లు. జనానికి ముందే హెచ్చరిక పంపే ‘వజ్రపాత్’ యాప్ తయారీలో కుప్పం ఇంజనీరింగ్ కాలేజీ చేయి ఉంది. స్టార్మ్‌స్కోప్ ఆకాశంలో చేసే పనినే ఈ సెన్సర్లు నేల మీద, చాలాచోట్ల నుంచి ఒకేసారి చేస్తాయి. అందుకే దూరాన్ని ఇవి మరింత నిక్కచ్చిగా చెప్పగలవు.

పరికరం ఏం చూపుతుందన్నదే కాదు, ఎంత తేలిగ్గా చూపుతుందన్నదీ ముఖ్యమే. 2009 సెప్టెంబర్ 2 ఉదయం 8:38కి బేగంపేట నుంచి లేచిన బెల్ 430 హెలికాప్టర్ రావలసింది చిత్తూరు జిల్లాకే. మొదట చెప్పుకున్న మూడు ఊళ్లూ అప్పట్లో ఆ జిల్లాలోనివే. రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టడానికి వస్తున్న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు నల్లమల అడవిలో ప్రాణాలు కోల్పోయారు. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ కమిటీ చెప్పిన విషయం ప్రతి పైలట్ గుర్తుపెట్టుకోవాలి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సంగతి తేల్చుకోవడానికి మాన్యువల్ వెతుకుతూ సిబ్బంది ఆరు నిమిషాల దాకా గడిపారు. ఇంతలో హెలికాప్టర్ చెడు వాతావరణంలోకి వెళ్లింది, బలంగా కిందికి తోసే గాలి దాన్ని పడేసింది. ఇద్దరు పైలట్లున్న చోటే ఇలా జరిగితే, ఒక్కడే నడిపే చిన్న విమానం మాటేమిటి? పది మెనూలు తెరిస్తే తప్ప మబ్బును చూపని పరికరం ఎంత ఖరీదైనదైనా నేను మాత్రం తీసుకోమనను.

మన దగ్గర నేల మీది రాడార్లు లేవా అంటే, ఉన్నాయి. మదనపల్లెకు 70 కిలోమీటర్ల చిల్లర దూరంలోని గాదంకిలో 1,024 యాగీ యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ 1990ల నుంచి పనిచేస్తోంది. అది తన నెత్తి మీది గాలుల్ని కొలిచే పరిశోధన యంత్రం, మబ్బుల్ని వెంబడించేది కాదు. చెన్నైలో డాప్లర్ రాడార్ 2002లో వచ్చింది. కానీ మదనపల్లె దానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. అర డిగ్రీ వాలుతో పంపిన కిరణం కూడా, భూమి వంపు వల్ల, ఇక్కడికొచ్చేసరికి సముద్రమట్టానికి నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. చిన్న విమానాలు తిరిగేది దానికి బాగా కింద. చెన్నై రాడార్ మబ్బు తలను చూస్తుంది, మనల్ని తడిపే అడుగుభాగాన్ని చూడలేదు.

అమెరికాలో కథ వేరు. అక్కడ ఏడీఎస్-బీ (విమానాలు తమ చోటును తామే ప్రసారం చేసే పద్ధతి) స్టేషన్లు 978 మెగాహెర్ట్జ్ మీద రాడార్ బొమ్మల్ని ఉచితంగా ప్రసారం చేస్తాయి, అరచేతిలో ఇమిడే రిసీవర్ చాలు. అయినా అక్కడి రవాణా భద్రతా బోర్డు 2012లో హెచ్చరించింది: ఒక నిమిషం కిందటిదని తెర చెప్పే బొమ్మ, అసలు వానకు 15-20 నిమిషాలు పాతదై ఉండవచ్చని. ఆ ప్రసారం మన దేశంలో లేదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు మెచ్చుకున్నారని అదే రిసీవర్ తెప్పించుకుంటే, ఇక్కడ దాని వాతావరణ తెర ఖాళీగానే ఉంటుంది.

తోటి విమానాల సంగతికొస్తే, ప్రతి అడుగూ ఒక ప్రమాదం నేర్పిందే. 1986లో కాలిఫోర్నియాలోని సెరిటోస్ మీద ఏరోమెక్సికో విమానం ఒక చిన్న పైపర్ విమానాన్ని ఢీకొని 82 మంది చనిపోయారు. రాడార్ పలకరింపుకు జవాబిచ్చే ఆ పైపర్ ట్రాన్స్‌పాండర్ ఎత్తు చెప్పే రకం కాదు. 1996 నవంబర్ 12న మన చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. ఆ తర్వాతే మన దేశంలో పెద్ద విమానాలకు ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ తప్పనిసరైంది. టీకాస్ ఎదుటి ట్రాన్స్‌పాండర్‌ను పలకరించి, జవాబునుబట్టి దూరం, ఎత్తు తెలుసుకుంటుంది. జవాబివ్వని విమానం దాని లెక్కలో లేనట్టే. కాబట్టి చిన్న విమానం యజమాని తెరలకు డబ్బు పెట్టేముందు ఎత్తు సరిగ్గా చెప్పే ట్రాన్స్‌పాండర్ పెట్టించుకోవాలి. తనకు ఎవరూ కనపడకపోయినా, పైనున్న జెట్‌కు తను కనపడాలి. 1090 మెగాహెర్ట్జ్ ఏడీఎస్-బీ రిసీవర్ ఆ తర్వాతి కొనుగోలు. అది జెట్లను చక్కగా చూపుతుంది, ప్రసారం చేయని శిక్షణ విమానాన్ని చూపదు. అక్కడ కిటికీలోంచి చూసే కళ్లే దిక్కు.

వానకైతే ఈ మెట్టసీమ మీద నా ఓటు మెరుపుల్ని సొంతంగా పట్టే పరికరానికే. కుప్పంలో విమానాశ్రయం కావాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా నడుస్తోంది. రన్‌వే పొడవు మీద జరిగే చర్చలో సగమైనా దగ్గర్లో ఒక చిన్న వాతావరణ రాడార్ మీద, పొలంలో రైతుకు అందుతున్న పిడుగుల సమాచారాన్ని కాక్‌పిట్‌కూ చేర్చే ఏర్పాటు మీద జరగాలి. సెన్సర్లు ఉన్నాయి, యాప్ చేసిన కాలేజీ ఆ ఊళ్లోనే ఉంది.