విదూషకుని యాయుధశాల

కాగితము, పెన్సిలు, పలుముఖముల పాచికలు, ఇంతమాత్రపు సామగ్రితో నలుగురైదుగురు మిత్రులు ఒక బల్లచుట్టు గూర్చుండి, లేని రాజ్యములను నిర్మించి, లేని భూతములతో పోరాడు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను వినోదమును గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా నుండి లోకమున కందించిరి. ఆటకు దిగువాడు ముందుగా తన పాత్ర యెట్టిదో నిశ్చయించుకొని, పిమ్మట దాని సంచిలోని బంగారునాణెములను లెక్కించి, కత్తియు కవచమును మూటయు కొనుక్కొనవలెను. యోధునకు ఇందు చిక్కు లేదు. కాని పాడుచు, కథలల్లుచు, ఎగతాళిచేతనే శత్రువును కూల్చదలచిన విదూషకగాయకుడు ఏమి కొనవలెను? పిల్లలాటలోని ప్రశ్నవలె తోచు నీ ప్రశ్నకు సరియైన సమాధానము, నియమగ్రంథములలో కంటె ఐరోపా రాజాస్థానముల పద్దుపుస్తకములలో నెక్కువగా దొరకునని నా యభిప్రాయము.

బార్డ్ అను గాయకపాత్ర ఈ యాటలో ప్రవేశించినది 1976 ఫిబ్రవరిలో, "ది స్ట్రాటెజిక్ రివ్యూ" అను పత్రికయందు డగ్ ష్వెగ్మన్ వ్రాసిన వ్యాసముతో. 1978 నాటి నియమగ్రంథము వానిని అనుబంధములోనికి నెట్టి, మొదట యోధుడై, తరువాత చోరుడై, ఆపైన డ్రూయిడ్లను ప్రకృతిపూజారులయొద్ద శిష్యరికము చేసినగాని బార్డు కాజాలడని విధించెను. ఇంతటి తపస్సు పూర్తిచేసి పాటకు దిగినవారెందరో ఊహించుకొనవచ్చును. 1989లో ఈ కట్టుబాటు సడలినది. 1992లో వెలువడిన బార్డుల ప్రత్యేకగ్రంథమున విదూషకుడు వారిలో నొక శాఖగా నెలకొనెను. 2000లో "బాల్డర్స్ గేట్ 2" అను కంప్యూటరాట ఆ శాఖను తెరపైకి తెచ్చెను.

ఆటలో ఇంత ఆలస్యముగ కలిసిన గాయకవిదూషకు లిద్దరును చరిత్రలో ఏనాడో కలిసియుండిరి. 1066లో హేస్టింగ్స్ రణరంగమున నార్మన్ సేనకు ముందు నడచిన తాయ్‌ఫేర్ అనువాడు ఖడ్గమును గాలిలోని కెగురవేసి పట్టుకొనుచు శత్రువులను విస్మయపరచెనని యొక కథనము, రోలాండు వీరగాథను గానము చేయుచు సాగెనని మరియొక కథనము. కత్తితో గారడి చేసి, పాటతో సేనను ఉత్సాహపరచి, రణభూమియందే మడిసిన యీతనికంటె సంపూర్ణుడైన బార్డును ఏ నియమకర్తయు సృజింపలేదు. మన తెనాలి రామకృష్ణుడును పాండురంగమాహాత్మ్యకర్తగా కావ్యలోకమునను, వికటకవిగా జనుల నాలుకలపైనను ఏకకాలమున జీవించుచునే యున్నాడు గదా!

ఇక వేషము. విదూషకుడనగానే గాడిదచెవుల కుళ్లాయి, దానిపై కోడిజుట్టు, అంచులకు చిరుగంటలు, రంగురంగుల ముక్కల అంగీ మనకు స్ఫురించును. ఆటగాండ్రు మొదట కోరునదియు నదియే. అయితే ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీకి మిక్కిలి ప్రియుడగు విల్ సోమర్స్ నిమిత్తము 1535లో రాజభాండాగారమునుండి వెలువడిన ఉత్తరువును చూచితిమేని, అందు కనబడునవి ఉన్నిదుస్తులు, ఎఱ్ఱని కుచ్చుల అంచు గల ఆకుపచ్చని బట్టతో కుట్టిన కోటు, టోపీ. గంటల ప్రసక్తియే లేదు. ఆ రాజు సొంతమునకు వ్రాయించుకొన్న కీర్తనగ్రంథములోని చిత్రమున హెన్రీ హార్పు వాయించుచుండగా ప్రక్కన నిలిచిన సోమర్స్ సామాన్యగృహస్థువలెనే యున్నాడు. చిత్రములలోను ఉత్సవములలోను వెలసిన గంటల వేషమును నేను నిరసింపను; కాని చీకటిసొరంగములలో సడిచేయక నడువవలసినవాడు అడుగడుగునకు గణగణలాడుట సహచరులకు ప్రాణాంతకమగునని మాత్రము హెచ్చరింపక తప్పదు. 2014 నాటి ఐదవ కూర్పులో వినోదకారునికై యేర్పరచిన మూటయందు పరుపుచుట్ట, కొవ్వొత్తులు, ఐదుదినముల ఆహారము, నీటితిత్తి, మారువేషపు సామగ్రితో పాటు రెండు వేషములున్నవి. ఒకటి సభకు, ఒకటి దారికి అని విభజించుకొనుట తెలివి.

వాద్యము విషయమున ఆటగాండ్రందరును లూట్ అను తంత్రీవాద్యముపై ఎగబడుదురు. అదే కూర్పు ధరలపట్టికలో దాని వెల 35 బంగారునాణెములు. వేణువు వెల 2, డోలు వెల 6. రెండును కలిపి యెనిమిదే. ఎలిజబెత్ రాణి కాలమున లండను ప్రేక్షకులను, రాణిని గూడ కడుపుబ్బ నవ్వించి 1588లో గతించిన రిచర్డ్ టార్ల్‌టన్ చిత్రపటములో కనబడునది ఈ చౌకజోడియే. ఎడమచేతి వ్రేళ్లతో మూడురంధ్రముల చిన్నపిల్లనగ్రోవిని పలికించుచు, ఆ చేతికే వ్రేలాడు డోలును కుడిచేతి పుల్లతో వాయించు నా పద్ధతివలన ఒక్క మనిషియే మేళమంతయు నగును. 1600లో విల్ కెంప్ అను హాస్యనటుడు మోకాళ్లక్రింద గంటలు కట్టుకొని లండనునుండి నార్విచ్ వరకు నృత్యము చేయుచు పోయినప్పుడు వెంబడించిన వాద్యమును ఇదియే. మిగిలిన యిరువదియేడు నాణెములతో విదూషకుడు ఎన్ని పూటలు భోజనము చేయగలడో!

ఆయుధమనగా చేతికఱ్ఱ. ఐరోపా విదూషకుని కఱ్ఱకొనపై వాని ముఖమునే పోలిన చిన్నతల చెక్కబడియుండెడిది. తాననజాలని మాటను ఆ బొమ్మచేత అనిపించి, విన్నవారికి కోపమువచ్చినచో బొమ్మను మందలించుట వాని నేర్పు. మన నాట్యశాస్త్రమున బ్రహ్మయే విదూషకునకు కుటిలకమను వంకరకఱ్ఱను ప్రసాదించినట్లు చెప్పబడినది. ఆటలోని పట్టికలో బొమ్మతల కఱ్ఱకు వెల లేదు. దుడ్డుకఱ్ఱగా లెక్కించుమని ఆట నడుపువానిని ప్రార్థింపవలెను. దుడ్డుకఱ్ఱ దెబ్బకు నాలుగుముఖముల పాచిక యొకటి. విచిత్రమేమనగా, బార్డు ఉచ్చరించు ఎత్తిపొడుపుమంత్రమునకును 2014 నాటి కూర్పున ఆరంభదశలో అదే పాచిక! కఱ్ఱకు అందునది ఎదుట నిలిచినవాడు. ఎత్తిపొడుపు అరువదియడుగుల దూరమునకు పోయి, తాకినవాని తరువాతి వ్రేటు గురితప్పుటకు గూడ తోడ్పడును. నవ్వుతెప్పించి శత్రువును నేలగూల్చు మరియొక మంత్రమునకు కావలసిన ద్రవ్యములు బుల్లిబుల్లి తీపిరొట్టెలును, గాలిలో ఆడించుట కొక యీకయు. మంత్రకర్త హాస్యమునకే వీనిని పెట్టియుండవచ్చును గాని, ఆస్థానవిదూషకుని సంచి వెదకినచో ఇట్టివే దొరకియుండునని నాకు తోచుచున్నది.

ఈ వస్తువులన్నిటిలో దేనికి ప్రథమస్థానమీయవలెనో తేల్చినది ఇంగ్లండు రాజగు మొదటి చార్లెస్ ఆస్థానవిదూషకుడగు ఆర్చీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉదంతము. స్కాట్లండులో ప్రార్థనగ్రంథముపై తిరుగుబాటు చెలరేగిన వేళ, దానికి కారకుడైన ఆర్చిబిషప్ లాడ్‌ను ఇతడు ఎగతాళి చేయగా, నాటి కాలగణనమున 1637 మార్చిలో మంత్రిసభ విధించిన శిక్ష కొరడాయు కాదు, చెఱయు కాదు: వాని కోటును తలపైనుండి లాగివేసి కొలువునుండి వెడలగొట్టవలెనని. ఆ కోటున్నంతకాలము వాని మాట హాస్యము. అది ఊడినపిమ్మట అదే మాట రాజద్రోహము కాగలదు. ఆటపట్టికలో తోలుకవచము వెల పది నాణెములు, వేషము వెల ఐదు. పొదుపుకొఱకు ఈ రెంటిలో నొకదానిని వదలుకొనవలసివచ్చిన ఆటగాడు కవచమునే వదలుకొనవలెను.