హార్డ్ డిస్క్ అసలు సైజు ఎంత? కమాండ్‌తో చూసుకోండి

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మీద అతికించిన స్టిక్కర్ చూసి డబ్బులు ఇచ్చేయకండి. విండోస్‌లో హార్డ్ డిస్క్ కెపాసిటీ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

పెన్‌డ్రైవ్ ఉంటే ముందు తీసేయండి, లేదంటే అదీ లిస్టులో వస్తుంది. స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైప్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌పై రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. నల్ల విండోలో 'డిస్క్‌పార్ట్' అని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. తర్వాత 'లిస్ట్ డిస్క్'. సైజు కాలమ్‌లో ఉన్నదే మొత్తం కెపాసిటీ. పక్కన 'ఫ్రీ' కింద సున్నా ఉంటే డిస్క్ నిండిపోయిందని కంగారు పడొద్దు, అది పార్టిషన్ చేయకుండా మిగిలిన చోటు లెక్క.

500 జీబీ అని అమ్మిన డిస్క్ ఇక్కడ 465గా, 1 టీబీది 931గా కనిపిస్తుంది. ఇది మోసం కాదు. కంపెనీలు ఒక జీబీకి 100 కోట్ల బైట్లు లెక్కేస్తే, విండోస్ 107 కోట్లకు పైనే లెక్కేస్తుంది. కానీ 500 అని చెప్పింది 298 చూపిస్తే మాత్రం అది 320 జీబీ డిస్కే. బేరం అక్కడే ఆపండి.

చూడటం అయ్యాక 'ఎగ్జిట్' కొట్టి బయటికి వచ్చేయాలి. డిస్క్‌పార్ట్‌లోనే 'క్లీన్' అనే కమాండ్ ఉంది. డిస్క్‌ని సెలెక్ట్ చేసి అది కొడితే, ఒక్క మాట కూడా అడగకుండా పార్టిషన్లన్నీ తీసేస్తుంది. పెళ్లి ఫొటోలున్న కంప్యూటర్‌లో అయితే దాని జోలికి అసలు పోవద్దు.