జెట్టీలు - హస్తవైద్యము

'జెట్టి' యను మాట వినినంతనే తెలుగువారికి స్ఫురించునది మల్లుడు. మిక్కిలి బలశాలిని జగజెట్టి యని కొనియాడుట నేటికిని గలదు. ఈ జెట్టి పడగొట్టువాడు మాత్రమే కాక పడినవానిని లేవనెత్తువాడును అయి యుండెననియు, అతని చేతిలో మల్లవిద్యతోపాటు వైద్యవిద్యయు నిలిచి యుండెననియు జూపుట యీ వ్యాసమునకు మొదటి ప్రయోజనము. ఆ వైద్యము శాస్త్రమునకు దూరమగుటవలన గలిగిన హాని యెట్టిదో విచారించుట రెండవది.

1909వ సంవత్సరమున ఎడ్గర్ థర్‌స్టన్ దొర, కె. రంగాచారిగారి సాహాయ్యముతో, దక్షిణభారతమునందలి కులములను తెగలను గూర్చి యేడు సంపుటముల గ్రంథమును చెన్నపురినుండి ప్రకటించెను. అందలి రెండవ సంపుటమున జెట్టి శబ్దము క్రింద నతడు వ్రాసిన విషయము సంగ్రహముగా నిది: జెట్టీలు తెలుగు కులమువారు, మల్లయుద్ధమును వ్యాయామవిద్యయు వారి వృత్తి, తెలుగు జిల్లాలలో వారు ఒడలు పిసికి, లేపనములు రుద్ది, నరముల నొప్పులను ఇతర బాధలను మాన్పుదురు, తంజావూరు సీమలో తమిళుల నడుమ నున్నను తెలుగే మాటలాడుదురు, యజ్ఞోపవీతమును ధరింతురు.

ఇందు 'నరముల నొప్పులు' అనుచోట నొక్కింత యాగవలెను. ఇంగ్లీషున థర్‌స్టన్ వాడిన మాట జ్ఞానతంతువులకు సంబంధించినది. కాని తెలుగు వాడుకలో నరమనగా జ్ఞానతంతువు మాత్రమే కాదు. రక్తము ప్రవహించు నాళమును నరమే, కండను ఎముకతో గూర్చు స్నాయువును నరమే. బెణికినపుడు 'నరము తొలగినది' యని మనవారందురు. కావున జెట్టీలు మాన్పినవి ముఖ్యముగా బెణుకులు, పట్లు, స్నాయువుల నొప్పులు నని గ్రహించుట యుచితము.

ఇక శబ్దవిచారము. శ్రేష్ఠి శబ్దమునుండి సెట్టి యైనట్లే, జ్యేష్ఠి శబ్దమునుండి జెట్టి యైనదని చెప్పుట వర్ణపరిణామమునకు సరిపడియున్నది. అర్థమునకును సరిపడుటకు రెండాధారములు గలవు. పశ్చిమచాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు మల్లవినోదమను ప్రకరణము గలదు. అందు మల్లులు తరగతులుగా విభజింపబడగా, ఉత్తమశ్రేణివానికి జ్యేష్ఠశబ్దముతోడి పేరే యున్నది. గుజరాతునందలి మోఢేరా ప్రాంతపు మల్లులకు జ్యేష్ఠిమల్లులని పేరు. వారి మల్లపురాణము 1964లో బరోడానుండి ముద్రితమైనది. కావున జెట్టి యనునది మొదట మల్లులలో శ్రేష్ఠునకు బిరుదై, పిమ్మట కులనామమైనదని తలంపవచ్చును.

మల్లునకు వైద్యమెట్లబ్బెను? దీనికి సమాధానము గోదాలోనే యున్నది. సాముకు ముందును వెనుకను నూనె పట్టించి మర్దించుట మల్లులకు నిత్యకృత్యము. అక్కడ కీళ్లు తొలగుట, కండలు చీలుట, నడుము పట్టుట సామాన్యము. కీలు నేదెసకు త్రిప్పిన తప్పునో యెఱిగినవాడు, దానిని ఏదెసకు లాగిన తిరిగి చోటు చేరునో కూడ నెఱుగును. శిష్యుని దేహముపై నేర్చిన ఈ నేర్పు క్రమముగా నూరివారికిని ఉపయోగపడెను. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల ప్రాతఃకాలకృత్యమును వర్ణించియున్నాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలంతయు నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, ఆ నూనె చెమటగా వెడలువఱకు శ్రమించి, పిదప తన మల్లులలో నొకనితో బోరెడివాడట. మల్లుడు రాజదేహమును తాకదగినవాడై యుండెనని దీనివలన దేటపడుచున్నది.

మన భాషయు దీనికి గొంత సాక్ష్యమిచ్చును. మల్లుడు ప్రత్యర్థిని బంధించు విధము 'పట్టు'. మెడ తిరుగనిచో 'మెడ పట్టినది' యందుము. పిక్క పట్టినది, నడుము పట్టినది యనియు నందుము. ఆ బాధను బాపుటకు ఒడలు 'పట్టుదురు', నూనె 'పట్టింతురు', మూలిక నూరి వాపుపై 'పట్టు' వేయుదురు. పోరునకును, రోగమునకును, చికిత్సకును ఒక్కటే ధాతువు. పట్టు ధాతువు బహ్వర్థకము కావున ఇది యొక్కటియే ప్రమాణము కాజాలదు. కాని తక్కిన ఆధారములతో గూర్చి చూచినపుడు ఉపేక్షింపదగినది కాదు.

ఒడలు పట్టుట హీనవృత్తి యని యెవరేని తలంచినచో, సంస్కృత వాఙ్మయము వేఱు విధముగా జెప్పుచున్నది. వాత్స్యాయనుడు కామసూత్రమున నెన్నిన అఱువదినాలుగు కళలలో ఉత్సాదన సంవాహన కేశమర్దనములందలి నేర్పు ఒకటి. మృచ్ఛకటికమునందలి సంవాహకుడు పాటలీపుత్రమున గృహస్థుని కుమారుడు. దేశములు చూడగోరి ఉజ్జయినికి వచ్చి చారుదత్తుని కొలువున జేరెను; కళగా నేర్చిన సంవాహనము అతనికి జీవనోపాధి యయ్యెను. యజమానుడు దరిద్రుడు కాగా జూదరియై, వసంతసేన దయవలన ఋణవిముక్తుడై, భిక్షువయ్యెను. తుదకు శకారుడు గొంతు నులిమి విడిచిన వసంతసేనకు ప్రాణరక్షణ చేసినవాడు ఇతడే.

ఇంతవఱకు హస్తమును గూర్చి చెప్పితిమి. శాస్త్రమెక్కడ నున్నది? సుశ్రుతసంహితలో నిదానస్థానమున 15వ యధ్యాయమును, చికిత్సాస్థానమున 3వ యధ్యాయమును భగ్నములకు సంబంధించినవి. కీలు తొలగుటను సంధిముక్తమనియు, ఎముక విఱుగుటను కాండభగ్నమనియు విభజించి, మొదటిదానిని 6 విధములుగను, రెండవదానిని 12 విధములుగను సుశ్రుతుడు వివరించెను. క్రుంగినదానిని ఎత్తవలెను, పైకి లేచినదానిని అదుమవలెను, మిక్కిలి తొలగినదానిని లాగవలెను. పిదప కట్టు కట్టవలెను. కట్టునకు బద్దలుగా ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మఱ్ఱి మున్నగువాని పట్టలును వెదురును జెప్పబడినవి. చలికాలమున ఏడేసి దినములకును, సమకాలమున ఐదేసి దినములకును, వేసవిని మూడేసి దినములకును కట్టు మార్పవలెను. తొడయో పిక్కయో విఱిగినవానిని పలకపై బరుండబెట్టి, ఐదు మేకులు నాటి, కాలు కదలకుండ బంధింపవలెను.

ఇందు రెండంశములు మనకు మిక్కిలి ముఖ్యములు. మొదటిది చేయి విఱిగి యతికిన పిమ్మటి విధి. రోగి మొదట మట్టిముద్దను, పిదప ఉప్పుగడ్డను, బలము వచ్చిన మీదట రాతిని చేత బట్టవలెనట. అతికిన చేతికి బలము క్రమక్రమముగా రప్పింపవలెనను సూత్రమిది. నేడు ఫిజియోథెరపీశాలలలో చేయి విఱిగి కోలుకొనువానికి మొదట మెత్తని బంతిని ఇచ్చి పిసుకుమని, తరువాత బరువు లెత్తుమని చెప్పుదురు. అది దీనినుండి పుట్టినదని చెప్పుట సాహసము. దేహధర్మము ఒక్కటే యగుటచే ఇరువురును ఒకే త్రోవ కనుగొనిరని చెప్పుట న్యాయము.

రెండవది కట్టు బిగువును గూర్చిన హెచ్చరిక. మిక్కిలి వదులుగా గట్టిన కీలు స్థిరపడదు. మిక్కిలి బిగించినచో చర్మము మున్నగువానికి వాపును, నొప్పియు, పాకమును గలుగును. కావున రెండింటి నడుమ నుండునట్లు కట్టవలెనని సుశ్రుతుడు స్పష్టముగా జెప్పినాడు. కట్టును ఋతువు ననుసరించి విప్పి మార్పుమనుటలోను ఈ జాగ్రత్తయే యిమిడియున్నది.

శాస్త్రమును హస్తమును విడదీయరాదని కూడ నాతడే సూత్రస్థానమున హెచ్చరించెను. చదివి చేతిపని యెఱుగనివాడును, చేతిపని నేర్చి చదువనివాడును, ఇరువురును ఒంటిఱెక్క పక్షులవంటివారని యతని మాటల సారము. అందువలననే శిష్యుడు మనుష్యాకారముగల బొమ్మ యవయవములకు కట్లు కట్టి యభ్యసింపవలెనని విధించెను.

తరువాతి కాలమున జరిగినది ఈ హెచ్చరికకు విరుద్ధము. గ్రంథము పండితుల యిండ్లలో తాళపత్రములపై నిలిచెను. హస్తము జెట్టీలయందును, మంగలులయందును, కట్టువైద్యుల కుటుంబములయందును నిలిచెను. హస్తము నశింపలేదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరున తరతరములుగా సాగుచున్న ఎముకల కట్టు ఇందులకు నిదర్శనము. ఆకుమందు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ యివి దాని సామగ్రి. తమిళ కన్నడ దేశములనుండియు జనులు అచటికి వత్తురు. తమిళదేశపు వీథులలో పుత్తూరు కట్టు పేరు ఫలకములపై గనబడును. తక్కువ వ్యయమునకు, శస్త్రభయము లేక, తమ భాషలో మాటాడువానిచేత వైద్యము లభించుటయే ఇట్టివారిని బీదసాదలు ఆశ్రయించుటకు హేతువు.

కాని శాస్త్రము లేని హస్తము వలన గలుగు ప్రమాదమును దాచరాదు. గ్రామముల కట్లు మితిమీఱి బిగిసి, రక్తప్రసారము నిలిచి, అవయవము కుళ్లి, తుదకు దానిని గోసివేయవలసి వచ్చిన సందర్భములు మన దేశమునందును, ఆఫ్రికాలోని నైజీరియాయందును శస్త్రవైద్యుల పత్రికలలో బెక్కుమార్లు ప్రకటింపబడినవి. వానిలో బాలుర చేతులును గలవు. సుశ్రుతుడు వ్రాసియుంచిన యొక్క వాక్యము కట్టువాని చెవికి చేరకపోవుటవలన గలిగిన యనర్థమిది. పండితులది గ్రంథము చదివిన పుణ్యము. కట్టువానిది పనిచేసిన కీర్తి. పోయినది మాత్రము రోగి చేయి.

ఇట్టి వియోగము మన దేశమునకే చెందినది కాదు. ఇంగ్లండునను ఎముకలు సవరించు కుటుంబములు పెక్కు గలవు. వైద్యపట్టభద్రులు వారిని మోసగాండ్రని నిరసించిరి. అట్లుండ, 1867లో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ పేజెట్, తాము మాన్పలేని కొన్ని రోగములను వారు మాన్పుచున్నారనియు, వారినుండి మంచిని గ్రహించి చెడును విడువవలెననియు బోధించెను. హటన్ అను ఎముకవైద్యుడు రోగియై యుండగా పీటర్ హుడ్ అను వైద్యుడు ప్రతిఫలము గొనక చికిత్స చేసెను. హటన్ కృతజ్ఞుడై తన రహస్యమును తెలుప నంగీకరింపగా, పీటర్ కుమారుడు వార్టన్ హుడ్ దానిని నేర్చి 1871లో ప్రకటించెను. నొప్పిగల తావును బొటనవ్రేల నదిమి, బిగిసిన కీలును ఒక్కమాఱుగా వంచి, లోపలి బంధములను ద్రెంచుట ఆ రహస్యము. లివర్పూలున ఎముకవైద్యుడగు ఈవన్ థామస్ తన కుమారుడు హ్యూ ఓవెన్ థామస్‌ను (1834-1891) వైద్యకళాశాలకు బంపెను. వంశపు హస్తమును కళాశాలయందలి శాస్త్రమును ఒక్కనియందే కలియుటచే తొడయెముకకు ప్రసిద్ధమైన థామస్ బద్ద పుట్టెను. అతని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దానిని మొదటి ప్రపంచయుద్ధమున వ్యాపింపజేయగా తొడ విఱిగిన సైనికుల మరణములు మిక్కిలి తగ్గెను.

మర్దనమునకును అదే చరిత్రము. 1894లో లండనున నలుగురు పరిచారికలు, తమ వృత్తికి గలిగిన యపకీర్తిని బాపుటకు, శిక్షణ పొందిన మర్దకురాండ్ర సంఘమును స్థాపించిరి. అది 1920లో రాజశాసనమును పొంది, 1944లో ఫిజియోథెరపీ పేరును దాల్చెను. మన దేశమున 1953లో బొంబాయిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో ఫిజియోథెరపీ విద్యాలయము వెలసెను. 2021లో పార్లమెంటు చేసిన యనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము ఫిజియోథెరపిస్టులను ప్రత్యేకవృత్తిగా గుర్తించినది. చదువుగల హస్తమునకు గౌరవము లభించెను. చదువు లేని హస్తము మాత్రము మునుపటివలెనే గోడ కావలనే యున్నది.

కావున పండితమహాశయులకు రెండు మనవులు. తమ గ్రామములలో బెణుకులు సవరించువారు, కట్లు కట్టువారు, ఒడలు పట్టువారు వాడు మాటలను, చెట్ల పేళ్లను, పట్ల పేళ్లను వారి నోటనే విని వ్రాసియుంచవలెను. ఇవి నిఘంటువులకు ఎక్కక మున్నే మఱుగుపడుచున్నవి. అంతకంటె ముఖ్యమైనది రెండవది. వినుటకు బోయినపుడు వారికి చెప్పియు రావలెను. కట్టిన పిమ్మట వ్రేళ్లు చల్లబడినను, తిమ్మిరెక్కినను, నల్లబడినను, నొప్పి తగ్గక హెచ్చినను ఆ క్షణమే కట్టు విప్పి రోగిని ఆసుపత్రికి బంపవలెనని బోధింపవలెను. శాస్త్రములో మొదటినుండియు నున్న హెచ్చరికను దానికి జేరవలసిన చేతికి జేర్చుట మాత్రమే ఇందు మనము చేయు పని.