రామప్ప గుడి పక్కన ఇల్లు కట్టాలంటే మేస్త్రిని ఎట్ల చూసుకోవాలె

పాత గుడుల పక్కన జాగ ఉన్నోళ్లు తరచు అడిగే మాట ఒకటుంది: "ఇల్లు కట్టాలె, నమ్మకమైన మేస్త్రి ఎవరన్నా ఉన్నడా?" పేరు చెప్పడం తేలికే. కానీ ములుగు జిల్లా పాలంపేట లాంటి రక్షిత ప్రాంతంలో, గోడ నిలువుగా లేపినంత మాత్రాన మేస్త్రిని నమ్మలేం. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలె.

పాలంపేట గుడిని కట్టించింది కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. శాసనం 1213 నాటిది. అందులో దేవుని పేరు రుద్రేశ్వరుడు. జనం మాత్రం రామప్ప గుడి అనే అంటరు. రామప్ప అంటే దాన్ని కట్టిన శిల్పి అని తరతరాలుగా చెప్పుకునే మాట. కట్టించిన దొర పేరు పక్కకు పోయి, పనిచేసినాయన పేరు నిలబడ్డదని మనోళ్లు నమ్ముతున్నరంటే, ఆ పని మీద ఎంత గౌరవమో చూడండి.

ఆ గౌరవం ఊరికే రాలేదు. పునాది గుంతను ఇసుకతో నింపి దాని మీద గుడి లేపారని ఇంజినీర్లు చెప్తారు. గోడలకు ఎర్రటి ఇసుకరాయి వాడారు. మదనికల బొమ్మలకు నున్నగా మెరిసే నల్లరాయి తెచ్చారు. శిఖరానికి నీళ్లల్ల తేలేంత తేలిక ఇటుక కాల్చారు. బరువంతా కింద, తేలికంతా పైన. ఇయ్యాల లోపల నేల అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడుగా ఉంది, అయినా ఎనిమిది వందల ఏండ్ల నుంచి గుడి నిలబడే ఉంది. పక్కనున్న రామప్ప చెరువు కూడా ఆ కాలందే, ఇప్పటికీ దాని కింద వరి పండుతుంది. నేల సంగతి ముందు తేల్చుకుని, ఆ తర్వాతే రాయి పెట్టినోళ్ల పని ఇది.

తర్వాతి కాలంలో మన ఊర్ల ఇండ్లు ఎట్ల కట్టినరు? మట్టిగోడ, మొగురాలు, దూలాలు, వాసాలు, పైన గూనపెంకులు. కలిగినోళ్లయితే డంగు సున్నం. దర్వాజ చేసేది ఊరి వడ్లాయన, పెంకులు కాల్చేది ఊరి కుమ్మరి, రాయి కొట్టేది వడ్డెరోళ్లు. చానా మందికి కూలి పంట మీద గింజల రూపంలో ముట్టేది. కాగితం లేదు, కాంట్రాక్టు లేదు. దర్వాజ వంకర వస్తే ఆయన రేపు మన వాకిట్ల నుంచే నడవాలె, వచ్చే పంటకు మన కల్లం కాడికే రావాలె. ఆ రోజుల్లో నమ్మకానికి జామీను అదే.

సిమెంటు, ఇనుము వచ్చినంక ఆ జామీను పోయింది. గుంపు మేస్త్రి ఇంకో మండలం నుంచి వస్తడు, అడుగుల లెక్కన రేటు మాట్లాడతడు, స్లాబు పడంగనే ఇంకో ఊరికి పోతడు. ఆయన చెడ్డోడని కాదు, ఆయన పని పద్ధతే అది. సరిగ్గా ఈ కాలంలోనే చట్టం కూడా గుడి గోడ దాటి మన జాగల దాకా వచ్చింది.

ఆ కథ మెల్లగా నడిచింది. 1904లో బ్రిటిష్ ఇండియాలో పాత కట్టడాల రక్షణకు చట్టం చేసినరు. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీకి అప్పగించినరు. ఆయన పాలంపేట గుడుల మీద రాసిన పుస్తకం 1922లో అచ్చయింది. స్వతంత్రం వచ్చినంక 1958లో దేశమంతటికీ కొత్త చట్టం వచ్చింది. మన ఇండ్లకు అసలు గీత పడ్డది మాత్రం 1992 జూన్ 16న. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధ ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అన్నరు. 2010లో చట్టాన్ని సవరించి దాన్ని ఇంకా గట్టి చేసినరు. 2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అందరం సంబురపడ్డం. దాంతో గుడి చుట్టూ చూపు కూడా పెరిగింది.

ఈ చట్టంల మనకు కావాల్సిన ముచ్చట్లు నాలుగు. కొలత గర్భగుడి నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. 100 మీటర్ల లోపల కొత్త ఇంటికి అనుమతే లేదు. అక్కడ 1992 జూన్ 16 కంటే ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, దానికీ అర్జీ పెట్టాలె. పాత ఇంటి మీద అంతస్తు వేసినా, పక్కకు గది పెంచినా కొత్త కట్టడం కిందికే వస్తుంది. తర్వాతి 200 మీటర్లలో కొత్త ఇంటికైనా, మరమ్మతుకైనా ముందు అనుమతి కావాలె. తప్పితే రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ.

ఇట్లాంటి ఒక గుడి పక్కన నాకు తెలిసిన కుటుంబం ఒకటి ఇల్లు మొదలుపెట్టింది. "పంచాయతీ కాగితం ఉంటే సాలు" అని మేస్త్రి ధైర్యం చెప్పిండు. దర్వాజ మట్టానికి గోడలు లేచినంక నోటీసు వచ్చింది. మేస్త్రి సెంట్రింగు కట్టెలు ట్రాక్టరులో ఏసుకుని ఇంకో పనికి పోయిండు. అప్పు, వడ్డీ ఆ కుటుంబానికే మిగిలినయి. నోటీసు మీద ఉండేది ఇంటాయన పేరే.

అందుకే బయానా ఇచ్చే ముందు ఈ సంగతులు చూడండి.

ఒకటి, మేస్త్రి మొదట రేటు మాట్లాడుతున్నడా, జాగ ఎక్కడని అడుగుతున్నడా? గుడి హద్దు నుంచి ఎంత దూరమని అడిగినాయన సగం నమ్మదగినోడు.

రెండు, "అనుమతి వచ్చినంకనే ముగ్గు పోస్తా" అంటడా? అనుమతికి నెలలు పడతది. ఆలోపు పునాది తవ్వుదాం అనేటాయనకు దండం పెట్టి పంపియ్యండి.

మూడు, అనుమతి కాగితంలో ఎత్తు ఎంతో రాసి ఉంటది. మెట్ల గది, నీళ్ల ట్యాంకు కూడా ఆ లెక్కలోకే వస్తయి. ఆ కాగితం చదివి దానికి సరిపడా ప్లాను గీయించే మేస్త్రి కావాలె.

నాలుగు, పునాదిలో పాత నాణేలో, విగ్రహమో బయటపడితే ఏం చేస్తవని అడగండి. పని ఆపి అధికారులకు చెప్తా అనాలె. నేలలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచే చట్టం ఉంది. గప్‌చుప్‌గా పూడ్చేద్దాం అనేటోడు రేపు మీ ఇనుము లెక్కలో కూడా అంతే చేస్తడు.

అయిదు, అదే గుడి చుట్టూ ఆయన కట్టిన ఇంటికి పోయి ఆ ఇంటోళ్లను అడగండి. గోడల సంగతితో పాటు కాగితాల సంగతి కూడా అడగండి. పైసలు పని అయినకొద్దీ ఇచ్చేటట్టు, అనుమతి లేకుండా పని మొదలైతే బాధ్యత ఎవరిదో తేలేటట్టు కాగితం మీద రాసుకోండి.

వెనకట మేస్త్రికి ఊరే జామీను. ఇప్పుడు ఈ కాగితమే జామీను. రసమట్టం, తూకపు గుండు అందరి సంచిలో ఉంటయి. హద్దు కొలిచే టేపు ముందుగాల తీసేటాయన దొరికితే, రేటు కొంచెం ఎక్కువైనా ఆయనకే ఇల్లు అప్పజెప్పండి.