చుట్టిల్లుకూ స్లాబుకూ మధ్య ఒక ఉప్పెన

ఉత్తరాంధ్ర తీరపల్లెల్లో ఒకప్పుడు ఎటు చూసినా కనిపించిన చుట్టిల్లును ముచ్చట కోసం గుండ్రంగా కట్టలేదు. చదును గోడ మీద గాలి తన బలమంతా మోపుతుంది, గుండ్రటి గోడను మాత్రం చుట్టుకుని జారిపోతుంది. చూరు బాగా కిందికి వాలి ఉంటుంది కాబట్టి గాలి లోపలికి దూరి కప్పును ఎగరగొట్టే సందూ తక్కువే. మందపాటి మట్టిగోడ, పైన తాటాకు ఎండను లోపలికి రానిచ్చేవి కావు. మారుతున్న వాతావరణాన్ని తట్టుకునే ఇళ్ల ప్రస్తావన వస్తే చాలామంది ఈ పాత ఇంటినే చూపించి, మన పెద్దలకు అన్నీ తెలుసంటారు. వాళ్లకు గాలి తెలుసు, ఎండ తెలుసు. ఉప్పెనకు మాత్రం ఆ ఇంట్లో జవాబు లేదు.

1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనకు 30,000 మంది దాకా బలయ్యారని అంచనా. 113 ఏళ్ల తర్వాత, 1977 నవంబరు 19న, దివిసీమ మీదికి సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున వచ్చిపడింది. సర్కారు లెక్కల్లోనే మృతులు 10,000కు అటూ ఇటూ. గాలికి పోయినవాళ్ల కంటే నీటికి పోయినవాళ్లే ఎక్కువ. తడిసిన మట్టిగోడ కరిగి బురదవుతుంది, అది గుండ్రంగా ఉంటేనేం, చదరంగా ఉంటేనేం? ఆ తర్వాత తీరం వెంట లేచిన తుపాను షెల్టర్లు వేరే ఆలోచనతో కట్టినవి. కాంక్రీటు స్తంభాల మీద అంతస్తు లేపి, కింద ఖాళీగా వదిలారు. నీటికి అడ్డం నిలబడకుండా దారి ఇచ్చారు. చుట్టిల్లు గాలికి చేసిన మర్యాదే ఇవి నీటికి చేశాయి. ఏ కట్టడమైనా ఫలానా ఉపద్రవానికి జవాబే గానీ అన్నిటికీ కాదని ఈ రెండూ చెబుతున్నాయి.

అలాగైతే ఊరంతా స్లాబు ఇళ్లు కట్టేస్తే సరిపోదా అనవచ్చు. చాలావరకు కట్టేశాం కూడా, అందులో తప్పేమీ లేదు. కొన్నేళ్లకోసారి తాటాకు మార్చుకుంటూ, నిప్పురవ్వకు భయపడుతూ బతకమని పేదవాడికి చెప్పే హక్కు పూరిల్లును పొగిడేవాళ్లకు లేదు. కానీ స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా ఇంట్లోకి కక్కుతుంది. 2015 వేసవిలో వడగాలులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. కప్పులకు ఎండను తిప్పికొట్టే పూత ఉండాలని తెలంగాణ 2023లో విధానమే తెచ్చింది. డాబా మీద తెల్లసున్నం కొట్టడాన్ని చిన్న పనిగా కొట్టిపారేసేవాళ్లున్నారు. అయినా ఉన్న స్లాబును పడగొట్టకుండా వేడి తగ్గించడానికి అంత చవకైన మార్గం మరొకటి కనిపించదు.

కాంక్రీటు శాశ్వతమన్న నమ్మకం కూడా తీరంలో చెల్లదు. ఉప్పుగాలి సన్నటి పగుళ్లలోంచి చొరబడి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పుతో ఉబ్బిన చువ్వ పైనున్న కాంక్రీటును పెచ్చులుగా రాల్చేస్తుంది. తీరంలో ఎన్నో షెల్టర్లు ఇలాగే శిథిలమయ్యాయి. తుపాను వచ్చినప్పుడే తాళం తీసే భవనంలో ఈ పెచ్చులు ఎవరి కంటా పడవు. అదే మేడలో రోజూ బడి నడుస్తుంటే, చువ్వ బయటపడిన వారానికే మేస్త్రీని పిలుస్తారు.