కదిలినవాడు ఫొటోలో లేడు

వేసవి సంచికకు చల్లటి వ్యాసం ఒకటి కావాలి, అదీ శుక్రవారం లోపు కావాలి అని ఆదివారం అనుబంధం వాళ్ళు ఫోన్ చేశారు. రెంటచింతల, రామగుండం ఉష్ణోగ్రతలు పేపర్ మొదటి పేజీకెక్కే రోజులివి. ఇలాంటప్పుడు చల్లదనం అంటే నాకు తోచేది దాల్ సరస్సే. శ్రీనగర్‌ను ఆనుకుని, సముద్రమట్టానికి దాదాపు 1,580 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నీళ్ళను చూడనివాళ్ళు కూడా ఫొటోలో చూస్తే గుర్తుపడతారు. అద్దంలాంటి నీరు, అందులో తలకిందులుగా కొండ, ఓ మూల షికారా పడవ. ఆ ఫొటో మన బుర్రల్లోకి ఎలా ఎక్కిందన్నదే ఈ వారం కథ.

పద్ధతి ప్రకారం కల్హణుడి దగ్గర మొదలుపెట్టాలి. రాజతరంగిణిని ఆయన 1148-50 మధ్య రాశాడు. రాజులూ, కుట్రలూ, కరువులూ అన్నీ ఉన్న ఆ గ్రంథంలో సరస్సు ఒడ్డున మామూలు మనిషి గడిపిన వేసవి సాయంత్రానికి దక్కిన చోటు తక్కువే. ఆ తర్వాత సుల్తానులు వచ్చారు. వాళ్ళను ఒక్క వాక్యంలో దాటేస్తున్నందుకు చరిత్ర మాస్టార్లు మన్నించాలి. 1586లో అక్బరు కశ్మీరును కలుపుకోవడంతో ఢిల్లీ, ఆగ్రా, లాహోరు దొరలకు ఎండ తప్పించుకునే దారి దొరికింది. జహంగీరు 1619లో సరస్సు ఈశాన్యపు ఒడ్డున షాలిమార్ తోట వేయించాడు. ఆయన బావమరిది ఆసఫ్ ఖాన్ 1633లో నిషాత్ బాగ్ వేయించాడు. బావ తోట కన్నా బావమరిది తోటే బాగుంటుందని నా అభిప్రాయం. జహంగీరు ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ కశ్మీరు పూలను వందకు పైగా చిత్రించాడని పాదుషాయే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వేసవి విహారానికి బొమ్మల ఆల్బమ్ వేయించే అలవాటు అక్కడే మొదలైందని అనుకోవచ్చు. 1627లో జహంగీరు కశ్మీరు నుంచి తిరిగొస్తూ దారిలోనే కన్నుమూశాడు కూడా.

ఆపైన అఫ్గాన్లు, 1819 నుంచి సిక్కులు. 1846లో అమృతసర్ ఒప్పందం ప్రకారం 75 లక్షల నానక్‌షాహీ రూపాయలకు లోయ గులాబ్ సింగు చేతికొచ్చింది. ఈ రాజకీయమంతా జరుగుతుండగానే, 1817లో థామస్ మూర్ అనే ఐరిష్ కవి ‘లల్లా రూఖ్’ అనే కావ్యం అచ్చువేశాడు. అందులో కథ షాలిమార్ తోటలో ముగుస్తుంది. మూర్ ఇండియాలో కాలు పెట్టలేదు. అయినా ఆ పుస్తకం చదివిన తెల్లదొరలు దాల్ సరస్సు ఎలా ఉండాలో ముందే ఖాయం చేసుకుని బయల్దేరేవారు. కెమెరా చేరేసరికి ఫొటో ఎలా ఉండాలన్నది సిద్ధంగానే ఉందన్నమాట. తీసేవాడే తక్కువయ్యాడు.

ఆ తీసినవాడి పేరు శామ్యూల్ బోర్న్. నేను ఈ వ్యాసానికి ఒప్పుకున్నదే ఆయన కోసం. నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తా. ముప్ఫై ఏళ్ళు నిండకముందే ఆ కుర్చీ వదిలేసి, 1863లో కలకత్తాలో దిగి, సిమ్లా చేరి, అక్కడ భాగస్వామ్యంలో స్టూడియో పెట్టాడు. ఆ ఏడే హిమాలయాల్లోకి ఓ యాత్ర చేసి కాస్త నిరాశపడ్డాడు. కొండలు మహా గొప్పగా ఉన్నాయి గానీ ఫొటోకు కావాల్సిన నీళ్ళేవీ? ఇంగ్లండులో నేర్చుకున్న లెక్క ప్రకారం ముందు ఓ చెట్టు, మధ్యలో నీరు, వెనక కొండ ఉంటేనే అది దృశ్యం. ఆ మధ్యలో నీరు వెతుక్కుంటూ 1864 మార్చి 17న లాహోరు నుంచి కశ్మీరుకు బయల్దేరాడు.

వెంట 42 మంది కూలీలు. ఒక్క మనిషి ఫొటోలు తీసుకోవడానికి ఇంతమంది ఎందుకంటే, ఆ రోజుల్లో ఫొటోగ్రాఫరు కెమెరాతో పాటు రసాయనశాలను కూడా మోయించుకు తిరగాలి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి అది. గన్ కాటన్‌ను ఈథర్, ఆల్కహాల్ కలిపి కరిగిస్తే జిగట ద్రవం వస్తుంది. దాన్ని 12 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు గాజు పలక మీద పోసి, పలకను నాలుగు మూలలకూ వంచుతూ సమంగా పారేలా చెయ్యాలి. చీకటి గుడారంలో దూరి సిల్వర్ నైట్రేట్ తొట్టెలో ముంచాలి. తడి ఆరకముందే పరుగున కెమెరాకు తగిలించి, మూత తీసి, సెకన్లు లెక్కపెట్టి, మూత పెట్టి, మళ్ళీ గుడారంలోకి పరుగెత్తి అక్కడికక్కడే డెవలప్ చెయ్యాలి. మొత్తం తతంగం పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. ఆరిందా, ఆ పలక ఇక పనికిరాదు. ఎండ ముదిరితే ఈథర్ ఇట్టే ఆవిరైపోతుంది. గాలి లేస్తే దుమ్ము అంటుకుంటుంది. ఫొటోకు వెలుతురు కావాలి, ప్లేటుకు చలువ కావాలి. రెండూ ఒకే పూట దొరికే చోటు ఈ దేశంలో ఎన్నో లేవు, దాల్ ఒడ్డున వేసవి ఉదయం తప్ప.

కూలీల సంగతి అందంగా ఉండదు. లోయలో అప్పటికింకా బేగారు, అంటే వెట్టి, నడుస్తోంది. కొండదారిలో బోర్న్ మూటలు దించి పారిపోయిన కూలీలు ఉన్నారు. ఊళ్ళోకి వెళ్ళి, ఇళ్ళలో దాక్కున్నవాళ్ళను వెతికి బయటికి లాగి కర్రతో కొట్టానని ఆయనే లండన్ ఫొటోగ్రఫీ పత్రికకు పంపిన యాత్రాకథనంలో దాపరికం లేకుండా రాశాడు. ఆ పత్రిక చదివేవాళ్ళకు అందులో తప్పేమీ కనిపించలేదు కాబోలు. గాజు పలకలు పగలకుండా శ్రీనగర్ చేర్చిన ఆ భుజాలు ఏ ఫొటోలోనూ ప్రధానపాత్ర కాలేదు.

లోయలో అప్పుడు రణబీర్ సింగు పాలన. తెల్లవాళ్ళు రావాలంటే అనుమతి కావాలి, చలికాలం ముంచుకొచ్చేలోపు వెళ్ళిపోవాలి. అంటే బయటివాడు తీసిన కశ్మీరు వేసవి కశ్మీరే అవుతుంది. మంచు గడ్డకట్టిన సరస్సును, కాంగ్డీ కుంపటిని ఫెరన్ అంగీ లోపల దాచుకుని కూర్చునే మనుషులను చూసే యోగం వాళ్ళకు లేదు. బోర్న్ దాల్ కాలువ తీశాడు, పాప్లర్ చెట్ల బాట తీశాడు, కొండలూ వంతెనలూ చినార్ చెట్లూ తీశాడు. పాప్లర్ బాట ఫొటో మాత్రం ఎవరైనా చూసి తీరాలి. రెండు వరసల్లో నిటారుగా నిలబడ్డ చెట్లు దూరాన ఒక బిందువులో కలిసిపోతాయి. అంత బరువు మోయించి, అంత కష్టపడి, ఇంత సాదా దృశ్యం ముందు కెమెరా నిలబెట్టిన మనిషి మీద నాకు గౌరవం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొలోడియన్ ప్లేటుకు నీలి వెలుగే బాగా కనిపిస్తుంది. ఎరుపూ, పసుపూ దాదాపు ఆనవు. అందుకే ఆ ఫొటోల్లో నీలాకాశం తెల్లటి కాగితంలా ఖాళీగా ఉంటుంది. మే, జూన్ నెలల్లో కశ్మీరు సంతల్లో కళ్ళు మిరుమిట్లు గొలిపే చెర్రీ పళ్ళు ఆ ప్లేటు మీద నల్లపూసలైపోతాయి. పైగా మూత తీసి ఉంచాల్సింది సెకన్ల తరబడి. అంతసేపు కదలకుండా నిలబడేవి కొండలూ, చెట్లూ, భవనాలే. చిరుగాలికి లేచిన అలలన్నీ ఒకదానిమీద ఒకటి పడి నున్నగా పరుచుకుంటాయి. సాగిపోతున్న పడవ మంచు మరకవుతుంది, లేదా మొత్తంగా మాయమవుతుంది. ఫొటోలో పడాలంటే పడవను ఒడ్డుకు కట్టి, రావాకు ఆకారపు తెడ్డును ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.

దాల్ సరస్సు ప్రశాంతత అని మనం మురిసిపోయేదాంట్లో సగం ఈ రసాయనం పుణ్యమే.

ఎందుకంటే వేసవి పొద్దున్న దాల్ అంత రద్దీ చోటు ఇంకోటి ఉండదు. తెల్లవారకముందే నీళ్ళ మీద కూరగాయల సంత మొదలవుతుంది. పడవకు పడవ తగిలించి సొరకాయలూ, దోసకాయలూ, టమాటాలూ చేతులు మారతాయి. రెల్లు చాపల మీద నాచూ, బురదా పేర్చి తేలే మడులు కడతారు. అక్కడివాళ్ళు రాధ్ అంటారు. మడి నీటి మీదే ఉంటుంది గనక తాడు కట్టి ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. దొంగలూ అదే పని చేసేవారు. 1895లో ‘ద వ్యాలీ ఆఫ్ కశ్మీర్’ అచ్చువేసిన సెటిల్‌మెంట్ కమిషనర్ వాల్టర్ లారెన్స్ ఆ పుస్తకంలో ఈ మడుల దొంగతనం ముచ్చట చెప్పాడు. మన దగ్గర గట్లు జరిపి సెంటు భూమి కలుపుకునేవాళ్ళు ఈ సంగతి వింటే కుళ్ళుకుంటారు. జూలైలో తామరలు పూసేసరికి పిల్లలు ఆకులు గొడుగుల్లా పట్టుకుంటారు, ఆడవాళ్ళు పడవల్లో నాచు లాగి నింపుతారు. ఇందులో ఏ పనీ సెకన్ల తరబడి ఆగదు. కాబట్టి ఏదీ ఆ ప్లేట్ల మీద లేదు.

బోర్న్ ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజు లక్నో చేరాడు. ఆయన స్టూడియో బోర్న్ అండ్ షెపర్డ్ కేటలాగులో నంబరు చూసి ఇంగ్లీషు కుటుంబాలు ప్రింట్లు కొనుక్కునేవి. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసిన ప్రింట్లవి. ఎండలు భరించలేని ఎందరో గోడకు తగిలించుకున్న వేసవి అది. ఆయన మాత్రం కొన్నేళ్ళకే ఇంగ్లండు వెళ్ళిపోయి, పత్తినూలు వ్యాపారంలో దిగి, నీటిరంగు బొమ్మలు వేసుకుంటూ 1912లో పోయాడు.

1880 నాటికి పొడి ప్లేట్లు బజారులోకొచ్చాయి, 1888లో కొడాక్ వచ్చింది, అలలు ఫొటోలో కనిపించసాగాయి. పడవల మీద ఇళ్ళూ అప్పుడే పెరిగాయి. అప్పట్లో బయటివాళ్ళకు లోయలో భూమి కొనే హక్కు ఉండేది కాదు, నీటి మీద ఇల్లు కట్టుకుంటే అడిగేవాడు ఉండేవాడు కాదు. 1915లో అమర్‌నాథ్ మెహతా స్టూడియో పెట్టింది కూడా హౌస్‌బోటులోనే. అదే తర్వాత మహట్టా స్టూడియో అయి జీలం గట్టు మీదికి చేరింది. 1948లో హెన్రీ కార్టియె-బ్రెసోఁ శ్రీనగర్ వచ్చి, హరిపర్బత్ కొండ మీద తెల్లవారుజామున నిలబడ్డ స్త్రీలను వెనకనుంచి తీశాడు. ఒకామె రెండు చేతులూ చాచి ఉంది. మనుషులే ముందుండి, కొండా మబ్బూ వాళ్ళ వెనక్కి జరిగిన ఫొటో అది.

ఇక్కడివరకు కథ చక్కగా నడిచింది. 1964లో, అంటే బోర్న్ వచ్చిన సరిగ్గా నూరేళ్ళకు, ‘కశ్మీర్ కీ కలీ’ సినిమాలో షమ్మీ కపూర్ షికారా మీద గంతులేస్తూ పాడాడు. కదిలితే మాయమయ్యే రోజులకు అంతకన్నా మంచి జవాబు ఏముంటుంది? ఆ ఊపులోనే మన కొత్త దంపతులూ వెళ్ళడం మొదలుపెట్టారు. ఫెరన్ తొడిగి, వెండిరంగు నగలు పెట్టి, చేతిలో పూలబుట్ట ఉంచి, సరస్సు మీదే ఇంకో పడవలో వచ్చిన ఫొటోగ్రాఫరు తీసిన బొమ్మలు విజయవాడ, వరంగల్ ఇళ్ళ ఆల్బముల్లో ఇప్పటికీ ఉన్నాయి. 1983లో రఘుబీర్ సింగ్ రంగుల్లో కశ్మీరు పుస్తకం తెచ్చాడు.

తర్వాత వరస తప్పింది. 1989 నుంచి లోయలో తుపాకులు మోగాయి, హౌస్‌బోట్లు ఖాళీ అయ్యాయి, సరస్సు ముందు కెమెరా పట్టుకున్నవాడు విహారి కాకుండా విలేఖరి అయ్యాడు. 1992లో మనమంతా ‘రోజా’ చూసి అదే కశ్మీరనుకున్నాం. కొండలు మనాలీ వైపువి. కలకత్తాలో 1991 అగ్నిప్రమాదం బోర్న్ అండ్ షెపర్డ్ భండారాన్ని మింగేసింది, స్టూడియో 2016లో మూతపడింది. 2014 సెప్టెంబరు వరద శ్రీనగర్‌ను ముంచింది. 2019 ఆగస్టు తర్వాతి కర్ఫ్యూ రోజుల్లో తీసిన ఫొటోలకు దార్ యాసిన్, ముఖ్తార్ ఖాన్, చన్నీ ఆనంద్‌లకు 2020లో పులిట్జర్ వచ్చింది. ‘సీతారామం’ బృందం వెళ్ళి మంచూ, కొండలూ తీసుకొచ్చింది. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు. సరిగ్గా తులిప్‌లు పూసి, విమానాలు నిండుగా దిగే రోజులు. ఇన్నింటిని ఒక తాడుకు గుచ్చి ఇదీ దాల్ వేసవి అని చెప్పే నేర్పు నాకు లేదు.

ప్లేటు చేయలేని పని ఇప్పుడు అందరి జేబులోని ఫోను చిటికెలో చేస్తుంది. ఎగిరే నీటిబొట్టు కూడా ఆగిపోతుంది. అయినా తెల్లవారుజామున సంతకు వెళ్ళి అటూ ఇటూ కదిలే పడవలను తీసినవాళ్ళు కూడా, చివరికి ఇంటికి పంపేది ఎవరూ లేని నీళ్ళ ఫొటోనే. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఆ సంత పొద్దెక్కేసరికి చెదిరిపోతుంది, సొరకాయలవాడు మీ కోసం ఆగడు. ఘాట్ దగ్గర ధరల బోర్డు పెట్టే ఉంది గానీ, షికారా అద్దె మాట్లాడుకోవడానికి ఇప్పటికీ బోర్న్ ఒక ప్లేటు తడిపి, తీసి, కడుక్కున్నంత సేపు పడుతుంది.