ప్రిన్సెస్ యాన్

బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్, ఫిలిప్ దంపతుల ఏకైక కుమార్తె. ప్రస్తుత రాజు మూడో చార్లెస్‌కు చెల్లెలు. 1950 ఆగస్టు 15న లండన్‌లోని క్లారెన్స్ హౌస్‌లో పుట్టారు. ఏలుతున్నవారి పెద్ద కుమార్తెకు ఇచ్చే ‘ప్రిన్సెస్ రాయల్’ బిరుదు 1987లో ఆమెకు దక్కింది. ఇది పుట్టుకతో వచ్చేది కాదు. ఇచ్చాక మాత్రం జీవితాంతం ఉంటుంది. తెలుగు పాఠకులకు డయానా తెలిసినంతగా యాన్ తెలియరు. బ్రిటన్‌లో మాత్రం రాచరికం గిట్టనివాళ్లు కూడా ఆమె పనిమంతురాలని ఒప్పుకుంటారు.

తల్లి 1952లో రాణి కావడంతో యాన్ వారసత్వ వరుసలో రెండో స్థానానికి వచ్చారు. తర్వాత ఆండ్రూ, ఎడ్వర్డ్ పుట్టగానే, తమ్ముళ్లే అయినా మగపిల్లలు కాబట్టి ఆమెను దాటి ముందుకెళ్లారు. మగపిల్లలకు ముందు చోటిచ్చే ఈ చట్టాన్ని 2013లో మార్చారు గానీ ఆ మార్పు 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టినవారికే వర్తిస్తుంది. అందుకే ఇప్పుడు ఆమెకు ముందు పదిహేను మందికి పైగా ఉన్నారు.

సింహాసనం సంగతి ఎలా ఉన్నా, గుర్రం మీద ఆమె సొంతంగా పేరు తెచ్చుకున్నారు. 1971లో బర్లీలో ‘డబ్లెట్’ అనే గుర్రంపై యూరోపియన్ ఈవెంటింగ్ (గుర్రపుస్వారీ పోటీ) టైటిల్ గెలిచి, ఆ ఏడాది బీబీసీ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకున్నారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. బ్రిటిష్ రాచకుటుంబం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి వ్యక్తి ఆమే. అక్కడ క్రాస్ కంట్రీలో కిందపడి తలకు దెబ్బ తగిలినా మళ్లీ గుర్రమెక్కి పోటీ పూర్తి చేశారు.

1974 మార్చి 20 రాత్రి జరిగిన ఘటన ఆమె స్వభావాన్ని దేశానికి చూపింది. భర్త మార్క్ ఫిలిప్స్‌తో కలిసి బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు తిరిగి వస్తుండగా, ద మాల్ రోడ్డుపై ఇయాన్ బాల్ అనే వ్యక్తి తన కారును అడ్డుపెట్టి తుపాకీతో దిగాడు. ఆమెను ఎత్తుకెళ్లి డబ్బు గుంజాలన్నది అతని పథకం. అంగరక్షకుడు జేమ్స్ బీటన్‌కు మూడు తూటాలు తగిలాయి. డ్రైవరు, ఒక కానిస్టేబులు, సాయానికి వచ్చిన ఒక పాత్రికేయుడు కూడా గాయపడ్డారు. బాల్ ఆమె చెయ్యి పట్టి లాగుతుంటే మరోవైపు భర్త గట్టిగా పట్టుకున్నారు. ఈ పెనుగులాటలో ఆమె గౌను చిరిగింది. కారు దిగేది లేదని ఆమె అతనికి మొహం మీదే చెప్పారు. అటుగా వెళ్తున్న మాజీ బాక్సర్ ఒకరు బాల్‌ను గుద్దారు. నలుగురు క్షతగాత్రులూ బతికారు. రాచకుటుంబానికి భద్రత పెంచింది ఆ తర్వాతే.

ఈ ధైర్యం కన్నా జనానికి నచ్చింది ఆమె నిరాడంబరత అనిపిస్తుంది. చార్లెస్, డయానాల పెళ్లికి 1981లో వేసుకున్న పూల గౌనునే 2008లో మరో బంధువు పెళ్లికి బీరువాలోంచి తీసి వేసుకొచ్చారు. కూతురు జారా, కొడుకు పీటర్‌లకు రాచబిరుదులు లేవు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జారా జట్టుతో కలిసి వెండి పతకం గెలిస్తే, దాన్ని మెడలో వేసింది తల్లే. మొదటి వివాహం 1992లో విడాకులతో ముగిసింది. అదే ఏడాది డిసెంబరులో నౌకాదళ అధికారి టిమొతీ లారెన్స్‌ను పెళ్లాడారు.

పిల్లల సంక్షేమ సంస్థ సేవ్ ద చిల్డ్రన్ అధ్యక్ష పదవి 1970లో చేపట్టి, దశాబ్దాల పాటు ఆఫ్రికా, ఆసియా దేశాలు తిరిగారు. ఫొటోల కోసం పిల్లల్ని ఎత్తుకోవడం ఆమెకు సరిపడదు. తొలినాళ్లలో పత్రికలు దీన్ని పొగరు అన్నాయి, తర్వాత అవే నిజాయతీ అన్నాయి.

2024 జూన్‌లో తన గ్యాట్‌కమ్ పార్క్ ఎస్టేట్‌లో తలకు దెబ్బ తగిలి కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. గుర్రం వల్లే తగిలి ఉంటుందని వైద్యుల అంచనా. జులైలో తిరిగి విధుల్లో చేరుతూ ఆమె మొదట వెళ్లింది వికలాంగుల గుర్రపుస్వారీ పోటీలకు.